జపాన్ బడులు చూసివచ్చిన రాస్ మసూద్

మన యూనివర్శిటీ చరిత్ర చెప్పుకోవలసి వచ్చినప్పుడల్లా మనం కొన్ని పేర్లు తప్పకుండా తలుచుకుంటాం. ఫర్మానా జారీ చేసిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, ఆలోచన చెప్పి ముసాయిదా రాసిన అక్బర్ హైదరీ, ఆర్ట్స్ కాలేజీ భవనానికి రూపం దిద్దిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ - యీ పేర్లు కొత్తగా చేరిన విద్యార్థులు కూడా చెప్పగలరు. కాని ఒక పేరు మాత్రం మాటల్లోంచి జారిపోతూ ఉంటుంది. ఆ పేరు సయ్యద్ రాస్ మసూద్. 1916 నుంచి 1928 వరకు హైదరాబాదు రాష్ట్ర విద్యాశాఖకు డైరెక్టరుగా ఉన్నాడాయన. మన యూనివర్శిటీ పసిబిడ్డగా ఉన్న రోజుల్లో, 1922లో, దాని కోసమే జపాన్ వెళ్లి అక్కడి బడులను, కాలేజీలను చూసి వచ్చి పెద్ద గ్రంథం రాశాడు.

ఆయన జీవితాన్ని యీ సంచికలో నాలుగు మాటల్లో చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. ఇందుకు కారణం చరిత్ర అధ్యాపకుడిగా నాకుండే పాతకాలపు మోజు ఒక్కటే కాదు. ఆయన జపాన్‌కు వెంటబెట్టుకెళ్లిన ప్రశ్న ఇంకా మన మధ్యనే తిరుగుతోంది. పిల్లవాడికి పెద్ద చదువు ఏ భాషలో చెప్పాలి? చిక్కడపల్లి లైబ్రరీలోనూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీదా కూర్చున్న కుర్రవాళ్లను అడిగి చూడండి. యీ ప్రశ్న ఎంత సజీవంగా ఉందో వాళ్లే చెబుతారు.

రాస్ మసూద్ 1889 ఫిబ్రవరి 15న అలీగఢ్‌లో జన్మించాడు. తాత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. అలీగఢ్ కాలేజీని స్థాపించిన మహానుభావుడు. తండ్రి సయ్యద్ మహమూద్ కేంబ్రిడ్జిలో చదివి, అలహాబాదు హైకోర్టు జడ్జీగా పనిచేసిన మేధావి. పరదేశం వెళ్లి బడులను చూసి రావడమన్నది ఆ యింట్లో తాతగారి నాటి నుంచే ఉంది. సర్ సయ్యద్ 1869లో కొడుకులను వెంటబెట్టుకుని ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పద్ధతులు గమనించి వచ్చాకే అలీగఢ్ కాలేజీకి పునాది వేశాడు.

ఆ యింటి చరిత్రలో ఇంకొక ముచ్చట ఉంది. అది తెలియకపోతే మనవడి కథ సగమే అర్థమవుతుంది. సర్ సయ్యద్ మొదట్లో దేశభాషల పక్షం. పాశ్చాత్య గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి 1864లో సైంటిఫిక్ సొసైటీ పెట్టాడు. 1867లో దేశభాషలో బోధించే యూనివర్శిటీ కావాలని ప్రభుత్వానికి అర్జీ కూడా పెట్టించాడు. కాని రానురాను ఆయన మనసు మారింది. ఉద్యోగాలన్నీ ఇంగ్లీషులో ఉండగా దేశభాషలో పట్టా పుచ్చుకుని ఏం చేస్తాం అన్న బెంగ పట్టుకుంది. చివరికి అలీగఢ్ కాలేజీ ఇంగ్లీషు మీడియంలోనే నడిచింది. తాత నడుమ దారిలో దించేసిన బరువును మనవడు హైదరాబాదులో మళ్లీ భుజానికెత్తుకున్నాడని చెప్పుకోవచ్చు.

మసూద్ అక్షరాభ్యాసం, అంటే వాళ్లు బిస్మిల్లా అనే వేడుక, ఆ రోజుల్లో పదిమందీ చెప్పుకున్న సంగతి. పిల్లవాణ్ణి తన హిందూ స్నేహితుడైన రాజా జయకిషన్ దాస్ ఒడిలో కూర్చోబెట్టి తాతగారు ఆ తంతు జరిపించాడు. విందులకు, ఆడంబరాలకు అయ్యే సొమ్మును కాలేజీకి ఇచ్చేశాడు. చదువు అంటే ఊరందరి వ్యవహారమనే పాఠాన్ని ఆ పిల్లవాడు అక్షరాల కంటే ముందే నేర్చుకున్నాడు.

తొమ్మిదేళ్ల వయసులో తాత పోయాడు. 1903లో తండ్రి పోయాడు. అప్పటి అలీగఢ్ ప్రిన్సిపాల్ థియొడర్ మోరిసన్ ఆ కుర్రవాడి బాధ్యత తీసుకుని, తర్వాత ఇంగ్లండుకు పిలిపించుకున్నాడు. ఆక్స్‌ఫర్డులో చేరాలంటే లాటిన్ రావాలి. దానికి ఒక ట్యూషన్ మాస్టరును కుదిర్చారు. 1906లో అలా వచ్చిన ఆ మాస్టరు ఇ. ఎం. ఫార్‌స్టర్. అప్పటికింకా పెద్ద పేరు లేని యువ రచయిత. లాటిన్ ఏ మాత్రం సాగిందో గాని, గురుశిష్యులిద్దరూ జీవితాంతం ప్రాణస్నేహితులయ్యారు. మసూద్ నిలువెత్తు మనిషి, అందగాడు, మాటకారి, చేతికి ఎముక లేనివాడు. ఫార్‌స్టర్‌కు భారతదేశం మీద మనసు కలగడానికి యీ శిష్యుడే మూలం. 1924లో వెలువడిన ఎ పాసేజ్ టు ఇండియా నవలను ఆయన మసూద్‌కే అంకితమిచ్చాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివే మన విద్యార్థులు ఆ నవల మొదటి పేజీ తిప్పేటప్పుడు, అక్కడ కనబడే పేరు మన విద్యాశాఖ డైరెక్టరుదని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మసూద్ ఆక్స్‌ఫర్డులో న్యూ కాలేజీలో చరిత్ర చదివాడు. 1912లో బారిస్టరై తిరిగి వచ్చాడు. పాట్నాలో కొన్నాళ్లు ప్రాక్టీసు పెట్టాడు గాని, నల్లకోటు ఆయన ఒంటికి అతకలేదు. మరుసటేడే విద్యాశాఖలో చేరి పాట్నాలో హెడ్మాస్టరుగానూ, తరువాత కటకంలోని రేవెన్షా కాలేజీలో చరిత్ర ఆచార్యుడుగానూ పనిచేశాడు. అంటే పెద్ద కుర్చీ ఎక్కడానికి ముందు సుద్దముక్క చేతబట్టినవాడన్నమాట. తరువాతి రోజుల్లో ఆయన ఏ దేశం వెళ్లినా మంత్రుల కచేరీలతోపాటు తరగతి గదులను కూడా చూడాలనుకోవడం యీ అలవాటు నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

1916లో హైదరాబాదు పిలిచింది. అప్పటికి యీ రాష్ట్రంలో చదువు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. చదవడం, రాయడం వచ్చినవాళ్లు వందకు ఐదుగురు కూడా లేరు. పెద్ద చదువుకు నిజాం కాలేజీ ఒక్కటే పెద్ద దిక్కు. అది మద్రాసు యూనివర్శిటీకి అనుబంధం. పాఠాలు ఇంగ్లీషులో. అక్బర్ హైదరీ ఇచ్చిన నివేదికను ఆమోదిస్తూ 1917 ఏప్రిల్ 26న నిజాం ఫర్మానా ఇచ్చాడు. ఉర్దూలో బోధించే యూనివర్శిటీ పెట్టాలనీ, ఇంగ్లీషును ఒక భాషగా అందరూ తప్పనిసరిగా నేర్వాలనీ దాని సారాంశం. అదే ఏడు గ్రంథాలను అనువదించడానికి దారుల్ తర్జుమా ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక అద్దె భవనంలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. మొదటి జట్టులో విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది.

ఇప్పుడు మనకు ఇదంతా సాఫీగా సాగినట్టు కనబడుతుంది. కాని ఆనాడు దేశంలో చదువుకున్నవాళ్లలో చాలామంది దీన్ని వింతగా చూశారు. రసాయనశాస్త్రం ఉర్దూలో ఏమిటి, పారిభాషిక పదాలు ఎక్కడి నుంచి తెస్తారు, పుస్తకాలు ఎవరు రాస్తారు, యీ పట్టా బయట ఎవరు గుర్తిస్తారు అని సందేహాలు. సందేహపడినవాళ్లందరూ దుర్మార్గులేమీ కారు. సర్ సయ్యద్ అంతటివాడికే కలిగిన అనుమానం అది. అటువంటప్పుడు చర్చ వల్ల తేలేది తక్కువ. ఆ పని చేసి చూపినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని వెదకడమే మేలు. ఉన్నారు. జపానువాళ్లు.

1905లో రష్యాను ఓడించినప్పటి నుంచి ఆసియా అంతటా జపాన్ పేరు మారుమోగింది. మన దేశంలో పత్రికలన్నీ ఆ ముచ్చటే రాశాయి. అంతకు ముందే, 1898లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జపాన్ వెళ్లివచ్చారు. తరువాత మూసీ వరదల నుంచి మన నగరాన్ని కాపాడే పథకం వేసిన ఆ ఇంజనీరే. 1916లో టాగూరు వెళ్లాడు. ఒకరు కర్మాగారాలు చూశారు, ఒకరు కళలు చూశారు. 1922లో మసూద్ వెళ్లింది మాత్రం బడులు చూడటానికి. ఆ ప్రయాణానికి ముందు చలికాలంలోనే, 1921 చివరలో, ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి ఆయన యింట్లో ఉండి వెళ్లాడు.

మసూద్ చూడబోయిన జపాన్ చదువుకు అప్పటికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1868లో మేజీ చక్రవర్తి పేర కొత్త పాలన మొదలైంది. 1871లో విద్యామంత్రిత్వ శాఖ పెట్టారు. అదే సంవత్సరం ఇవాకురా అనే మంత్రి నాయకత్వాన పెద్ద బృందం అమెరికా, ఐరోపాలకు బయలుదేరి రెండేళ్లపాటు బడులు, కోర్టులు, మిల్లులు అన్నీ చూసి వచ్చింది. 1872లోనే ప్రతి ఊళ్లోనూ బడి ఉండాలని విద్యాశాసనం చేశారు. 1907 నాటికి ఆరేళ్ల ప్రాథమిక విద్య నిర్బంధమైంది. 1910 ప్రాంతానికి బడి ఈడు పిల్లల్లో వందకు తొంభై మందికి పైగా బడిలో పేరు రాయించుకున్నారు. హైదరాబాదు నుంచి వెళ్లిన డైరెక్టరుకు యీ లెక్క ఒక్కటి చాలు, నిద్ర పట్టకుండా చేయడానికి.

భాష విషయంలో జపాన్ నడిచిన దారి ఇంకా ఆసక్తికరం. వాళ్లకూ మన బెంగే పట్టుకుంది. మోరి అరినోరి అనే మేధావి 1870ల మొదట్లో, జపాన్ భాషతో ఆధునిక జ్ఞానం సాగదు, ఇంగ్లీషునే చదువుల భాషగా చేసుకుందామని ప్రతిపాదించాడు. ఆయన సామాన్యుడేమీ కాదు. 1885లో ఆ దేశపు మొట్టమొదటి విద్యామంత్రి అయ్యాడు. 1877లో టోక్యో యూనివర్శిటీ పెట్టినప్పుడు పాఠాలు చెప్పినవాళ్లలో ఎక్కువమంది విదేశీయులే. లా, సైన్సు ఇంగ్లీషులోనూ, వైద్యం జర్మన్‌లోనూ చెప్పేవారు. విదేశీ ఆచార్యులకు ఇచ్చిన జీతాలు మంత్రుల జీతాలతో పోటీపడేవి. కాని వాళ్లు ఆ ఏర్పాటును నిచ్చెనగా వాడుకున్నారు. విదేశీయుల దగ్గర చదివిన తమ కుర్రవాళ్లను పరదేశాలకు పంపి, వాళ్లు తిరిగి వచ్చాక అవే కుర్చీల్లో కూర్చోబెట్టారు. పుస్తకాలు తర్జుమా చేశారు. లేని పదాలను కల్పించుకున్నారు. తత్వశాస్త్రానికి యీనాడు జపానులో వాడే మాటను నిషి అమానే అనే పండితుడు ఆ రోజుల్లో పుట్టించినదే. ఒక తరం గడిచేసరికి యూనివర్శిటీ బోధన చాలావరకు జపాన్ భాషలోకి వచ్చేసింది. ఇంగ్లీషును వదిలేశారా అంటే అదీ లేదు. మిడిల్ స్కూళ్లలో భాషగా నేర్పుతూనే వచ్చారు.

మసూద్ తిరిగి వచ్చి రాసిన నివేదిక 1923లో హైదరాబాదులో ఇంగ్లీషులో అచ్చయింది.  జపాన్, దాని విద్యావిధానం అన్నది విషయం. మామూలుగా ప్రభుత్వోద్యోగులు రాసే నివేదికలు మీకు తెలిసినవే. ఎన్ని బెంచీలు, ఎంత బడ్జెట్టు, ఇంతే. యీ పుస్తకం అలా లేదు. బడుల సంగతి ఎత్తుకోకముందు ఆయన ఆ దేశ చరిత్రను వివరంగా చెప్పాడు. ఒక దేశం ఎటువంటి కష్టాలు దాటి వచ్చిందో తెలియకుండా దాని బడులు అర్థం కావని చరిత్ర మాస్టరుగా ఆయనకు తెలుసు. ఆ తర్వాత ప్రాథమిక పాఠశాలల నుంచి యూనివర్శిటీల దాకా మెట్టు మెట్టుగా నడిపించాడు. ఇవికాక ఆ ప్రయాణంలో ఒక డైరీ కూడా రాసుకున్నాడు. అది ఆయన పోయిన చాలా ఏళ్లకు అచ్చయింది.

ఆ నివేదిక అచ్చయిన 1923లోనే, సెప్టెంబరు 1న, మహాభూకంపం వచ్చి టోక్యో తగలబడింది. యూనివర్శిటీ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. మసూద్ చూసివచ్చిన నగరం ఆయన పుస్తకంలోనే మిగిలిందా అన్నంత పని జరిగింది.

ఇక్కడ మన యూనివర్శిటీ కూడా ఆ ధైర్యంతోనే ముందుకు సాగింది. దారుల్ తర్జుమాలో వందలకొద్దీ గ్రంథాలు తయారయ్యాయి. జోష్ మలీహాబాదీ వంటి మహాకవులు కూడా ఆ కార్యాలయంలో ఉద్యోగం చేశారు. ఒక్కో శాస్త్రపదం కోసం పండితులు రోజుల తరబడి వాదించుకునేవారు. ఆ తరువాతి సంవత్సరాల్లో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే బోధించారు. భారతీయ భాషలో పెద్ద చదువు సాధ్యం కాదన్నవాళ్లకు గన్‌ఫౌండ్రీ అద్దె యిల్లు జవాబు చెప్పింది. యీ గౌరవం మన యూనివర్శిటీది. దాన్ని ఎవరూ కాదనలేరు.

అయితే కథ ఇక్కడితో ఆపితే సగం చెప్పినట్టే. జపానులో చక్రవర్తికీ, రైతుకూ, గుమాస్తాకూ భాష దాదాపు ఒక్కటే. హైదరాబాదు సంగతి అది కాదు గదా! రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మందికి తెలుగు మాతృభాష. నాలుగో వంతుకు మరాఠీ. కన్నడం మాట్లాడేవాళ్లు ఇంకొంత మంది. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరో, అంతకు కాస్త ఎక్కువో. జపాన్ నేర్పిన పాఠం మాతృభాషలో చదువు చెప్పమని. దాన్ని హైదరాబాదు ప్రభుత్వం ఏలికల భాషలో చదువు చెప్పమని చదువుకుంది. పాలమూరు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి ఇంగ్లీషు ఎంత పరాయిదో, ఉర్దూ కూడా దరిదాపుగా అంతే పరాయిది.

తెలుగుకు ఆ రోజుల్లో నగరంలో ఎంత మర్యాద ఉండేదో ఒక్క సంఘటన చాలు. 1921 నవంబరు 12న వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభ శ్రద్ధగా విన్నది. అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టేసరికి అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆ రాత్రి ఆంధ్రజన సంఘం పుట్టింది. మసూద్ జపాన్ ప్రయాణానికి ముందు సంవత్సరమే, అదే నగరంలో జరిగిన ముచ్చట ఇది. అదే దశాబ్దంలో, ఖానగీ బడి, అంటే ప్రైవేటు బడి, తెరవాలంటే ముందు సర్కారు అనుమతి ఉండాలన్న నియమం వచ్చి ఊళ్లలో తెలుగు బడులు నడిపేవాళ్ల కాళ్లకు అడ్డం పడింది. అప్పుడు విద్యాశాఖ డైరెక్టరు మసూదే. జపాన్ పల్లెబడులను మెచ్చుకున్న మనిషి కొలువులోనే తెలంగాణా పల్లెబడులు అనుమతి కోసం కాచుకుని కూర్చున్నాయి. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు యీ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు నారాయణగూడకు వద్దాం. అక్కడి మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల మీలో చాలామంది రోజూ దాటిపోయేదే. 1928లో మాడపాటివారు, వారి మిత్రులు కలిసి ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి స్థాపించిన బడి అది. తరువాత నారాయణగూడలో స్థిరపడింది. తెలుగులో పాఠాలు చెప్పి ఆ పిల్లలను మెట్రిక్ పరీక్షకు పంపాలంటే ఉస్మానియా ఒప్పుకోలేదు. ఇంటిపక్కనే యూనివర్శిటీ ఉన్నా, తలుపు తీయలేదు. అప్పుడు మాడపాటివారు పూనా వైపు చూశారు. కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయం ఆయా ప్రాంతాల మాతృభాషల్లో పరీక్షలు పెడుతుంది. ఆ విశ్వవిద్యాలయానికి బడిని అనుబంధించారు. నారాయణగూడ పిల్లలు తెలుగులో చదివి పూనా పరీక్షలు రాశారు.

కార్వేగారు ఫెర్గుసన్ కాలేజీలో లెక్కల మాస్టరు. 1915లో టోక్యోలోని జపాన్ మహిళా విశ్వవిద్యాలయాన్ని గురించిన చిన్న పుస్తకం ఒకటి ఆయన చేతికి చిక్కింది. దాన్ని చదివిన ప్రేరణతోనే 1916లో ఆయన మన దేశంలో మొదటి మహిళా విశ్వవిద్యాలయాన్ని పెట్టాడు. 1929లో, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, ప్రపంచయాత్రకు బయలుదేరి ఇంగ్లండు, ఐరోపా, అమెరికాలు తిరిగి టోక్యో కూడా చూసి 1930లో వచ్చాడు. ఇప్పుడు రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూడండి. జపాన్ పాఠం హైదరాబాదుకు రెండుసార్లు వచ్చింది. ఒకసారి డైరెక్టరుగారి పెట్టెలో సర్కారు నివేదికగా వచ్చింది. రెండోసారి పూనా మీదుగా, చిన్న పుస్తకం రూపంలో, మాడపాటివారి బడికి వచ్చింది. తెలుగు పిల్లకు అందింది యీ రెండోదే.

ఆ బడి పెట్టిన 1928లోనే మసూద్ హైదరాబాదు వదిలాడు. ఆ తర్వాతి జీవితం క్లుప్తంగా చెబుతాను. 1929లో తాతగారి అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా వెళ్లాడు. పరదేశాల నుంచి మంచివాళ్లను వెదికి తెచ్చే గుణం అక్కడా పోలేదు. ఆంద్రే వెయ్ అనే ఇరవై మూడేళ్ల ఫ్రెంచి కుర్రవాణ్ణి 1930లో గణితాచార్యుడిగా పిలిపించాడు. ఆ కుర్రవాడు తరువాత ఇరవయ్యో శతాబ్దపు మహాగణితవేత్తల్లో ఒకడయ్యాడు. 1933లో మసూద్‌కు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు కవి ఇక్బాల్, సులేమాన్ నద్వీలతో కలిసి కాబూలు వెళ్లి ఆఫ్ఘన్ విద్యావ్యవస్థకు సలహాలిచ్చాడు. 1934లో అలీగఢ్ పదవి వదిలి భోపాల్ సంస్థానంలో విద్యామంత్రిగా చేరాడు. 1937 జులై 30న అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. అలీగఢ్‌లో తాతగారి సన్నిధిలో సమాధి చేశారు. ఇక్బాల్ ఆయన మీద స్మృతికావ్యం రాశాడు. ఫార్‌స్టర్ వ్యాసం రాశాడు.

ఆయన పోయిన ఆ జులై నెలలోనే జపాన్ సైన్యం చైనా మీద పూర్తి యుద్ధానికి దిగింది. జపాన్ బడుల్లోని దేశభక్తిని మసూద్ మనసారా మెచ్చుకున్నాడు. 1890 నాటి చక్రవర్తి విద్యాశాసనం ముందు పిల్లలు తలవంచి నిలబడటం ఆ బడుల్లో నిత్యకృత్యం. ఆ విధేయత ఎక్కడికి తీసుకుపోయిందో తరువాత లోకమంతా చూసింది. 1948లో జపాన్ పార్లమెంటే ఆ శాసనాన్ని తీసి పక్కన పెట్టింది. ఇల్లు విడిచి బడులు చూడబోయిన యాత్రికుడికి పొరుగింటి పంట మాత్రమే కనబడి, కలుపు కనబడకపోవడం సహజం. యీ జాగ్రత్త కూడా ఆయన జీవితం మనకు చెబుతోంది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దారుల్ తర్జుమా మూతబడింది. ముప్ఫై ఏళ్ల శ్రమ అటకెక్కింది. తెలుగు వంతు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. పి. వి. నరసింహారావుగారు విద్యామంత్రిగా ఉండగా 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ పుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. నారాయణగూడ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఆ సంస్థకు నిలయమైంది. మసూద్ నాటి ప్రశ్నకు అసలైన జవాబు అలా నలభై ఐదేళ్లు ఆలస్యంగా, మైలు దూరంలో పుట్టింది.

ఆ పుస్తకాలు యీనాడు ఎక్కడ చదువుతున్నారో తెలుసుకోవాలంటే సాయంత్రం పూట నాతో చిక్కడపల్లి రావాలి. నేను ఉండేది ఆ పక్కనే. నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడం గగనం. వరంగల్, నల్గొండ, పాలమూరు, ఆదిలాబాదు నుంచి వచ్చి, అశోక్‌నగర్ సందుల్లో నలుగురేసి ఒక గదిలో సర్దుకుని, గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు వాళ్లు. చాలామంది చేతుల్లో అకాడమీ పుస్తకాలే. పట్టిన అట్ట చిరిగిపోతే దారంతో కుట్టుకున్నవి కూడా చూశాను. ఒకటి రెండుసార్లు వాళ్లతో మాటలు కలిపాను. తెలుగు మీడియం వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. పాఠం తెలియక కాదు. తెలుగులో చదివామని చెప్పుకోవడానికే ఆ జంకు. అవే సందుల్లో ఇంగ్లీషు మీడియం బ్యాచి, తెలుగు మీడియం బ్యాచి అని వేరువేరు బోర్డులు కనబడతాయి. వివేకవర్ధని థియేటరులో వెంకటరామారావుగారిని కూర్చోబెట్టిన చేతులు ఇప్పుడు బయటికి కనబడవు. పిల్లలు తమంత తామే కూర్చుంటున్నారు.

ఇంగ్లీషు అక్కరలేదని నేను అనడం లేదు. జపాన్ అనలేదు, మసూద్ అనలేదు, ఉస్మానియా ఫర్మానాలోనూ ఆ మాట లేదు. ఇంగ్లీషును భాషగా బాగా నేర్పండి, విషయాన్ని పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పండి అన్నదే ఆ ముగ్గురూ పట్టుకున్న సూత్రం. మనం దాన్ని తలకిందులు చేశాం. ఇంగ్లీషు భాషగానూ సరిగా రాక, విషయం తెలుగులోనూ సరిగా అందక మధ్యలో నిలబడిపోయిన పిల్లలు ప్రతి ఏటా మన కాలేజీ మెట్లెక్కి వస్తున్నారు. వాళ్లకు పాఠాలు చెప్పే మనకు యీ సంగతి తెలియనిది కాదు.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీలో ఎంతోమంది రేపో మాపో పై చదువులకు అమెరికాకో, జర్మనీకో, ఆస్ట్రేలియాకో విమానం ఎక్కుతారు. కొందరు జపాన్‌కే పోతారు. సంతోషం. మసూద్ ఒక్కడే వెళ్లి, తాను చూసింది ఒక పుస్తకం నిండా రాసి యీ యూనివర్శిటీ చేతిలో పెట్టాడు. మీరు వందలమంది వెళుతున్నారు. మీరుండే ఊళ్లో చిన్నబడి ఒకటి ఉంటుంది. ఒక పూట తీరిక చేసుకుని అనుమతి అడిగి లోపలికి వెళ్లండి. అక్కడి పిల్లలు ఏ భాషలో చదువుతున్నారో, మాస్టరుకు ఎంత జీతం ఇస్తున్నారో, పేదపిల్ల ఏ బెంచీ మీద కూర్చుంటుందో గమనించండి. మంచితో పాటు చెడు కూడా రాయండి. రాసింది మన సంచికకు పంపండి. తెలుగులో పంపండి.